పదహారు పేర్లలో ఏడో పేరు

ఏటా ఒకసారి మన పత్రికల జిల్లా పేజీల్లో ఒక వార్త వస్తుంది. ప్రపంచ అగ్రశ్రేణి 2 శాతం శాస్త్రవేత్తల జాబితాలో ఫలానా విశ్వవిద్యాలయ ఆచార్యులకు చోటు దక్కిందని. పక్కన శాలువా కప్పిన ఫోటో, కింద నాలుగు అంకెలు: ఇన్ని వ్యాసాలు, ఇన్ని సైటేషన్లు, హెచ్-ఇండెక్స్ ఇంత. చదివినవాళ్లకు సంతోషం కలుగుతుంది, కలగాలి కూడా. కానీ ఆ అంకెలు దేన్ని కొలుస్తున్నాయో, దేన్ని కొలవలేవో ఆ వార్తలో ఉండదు.

బయోకెమిస్ట్రీ పాఠం చెప్పేవాణ్ణి కాబట్టి విద్యార్థులు నన్నూ ఇదే అడుగుతుంటారు. ఎన్ని పేపర్లుంటే గొప్ప శాస్త్రవేత్త అన్నట్టు? ఎన్ని సైటేషన్లుంటే చాలు? సూత్రాలు చెప్పి ఊరుకుంటే ఈ ప్రశ్న విడిపోదు. ఒక మనిషి ప్రచురణల చిట్టా ముందు పెట్టుకుని, వ్యాసం తర్వాత వ్యాసం విప్పి చూడాలి. నేను ఎప్పుడూ ఒకే చిట్టా తీస్తాను. అది యల్లాప్రగడ సుబ్బారావుది.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టి శస్త్రచికిత్స ఆచార్యుడి ఆగ్రహానికి గురయ్యారు, చివరికి ఎంబీబీఎస్‌కు బదులు ఎల్ఎంఎస్ పట్టాతో బయటపడ్డారు. 1922 అక్టోబరులో బోస్టన్ చేరారు. హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కే దగ్గర పనిచేసి 1930లో పీహెచ్‌డీ పొందారు. అక్కడ స్థిరమైన ఉద్యోగం దక్కక 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీ ప్రయోగశాలలకు వెళ్లి, పరిశోధనలకు సారథ్యం వహించి, 1948 ఆగస్టులో 53 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఈ కథ తెలుగువాళ్లకు కొత్తది కాదు. 'నోబెల్ రావలసిన తెలుగువాడు' అంటూ మనం దాన్ని పదేపదే చెప్పుకుంటాం. ఆయన పేరు మీద వచ్చిన వ్యాసాలనూ, పేరు లేకుండా వచ్చిన వ్యాసాలనూ పక్కపక్కన పెట్టి చూసేవాళ్లు మాత్రం తక్కువ. సైటేషన్ అంటే ఏమిటో తెలుసుకోవడానికి అంతకంటే మంచి పాఠం నాకు కనిపించలేదు.

నీలిరంగు వ్యాసం

ముందుగా సైటేషన్ సంగతి. ఒక పరిశోధకుడు తన వ్యాసంలో మరొకరి పద్ధతినో ఫలితాన్నో వాడుకుంటే, చివర ఇచ్చే ఆధారాల పట్టికలో ఆ పాత వ్యాసాన్ని పేర్కొంటాడు. అలా పేర్కొన్న ప్రతిసారీ పాత వ్యాసానికి ఒక సైటేషన్ చేరుతుంది. ఈ పట్టికలన్నిటినీ తిరగేసి, ఏ వ్యాసాన్ని ఎవరెవరు పేర్కొన్నారో సూచీగా వేయవచ్చన్న ఆలోచనను యూజీన్ గార్ఫీల్డ్ 1955లో 'సైన్స్' పత్రికలో ప్రతిపాదించారు. 1964లో ఆయన సంస్థ ఫిలడెల్ఫియా నుంచి 'సైన్స్ సైటేషన్ ఇండెక్స్' సంపుటాలను వెలువరించింది. అసలు ఉద్దేశం మనుషులకు మార్కులు వేయడం కాదు, ఒక ఆలోచన ఎటు పాకిందో వెతికిపెట్టడం. మార్కులు తర్వాత వచ్చి చేరాయి.

ఆ లావుపాటి సంపుటాల్లో సన్నని అచ్చుతో వరసలుంటాయి. పేర్కొన్న పాత వ్యాసాలు వాటి మొదటి రచయిత పేరు కిందే ఉంటాయి, మొదటి రచయిత పేరు కింద మాత్రమే. సుబ్బారావు సైటేషన్లు కావాలని 'ఎస్' అక్షరం దగ్గర వెతికితే ఆయన అతి ముఖ్యమైన వ్యాసం దొరకదు. 'ఎఫ్' అక్షరానికి వెళ్లాలి. అక్కడ 'ఫిస్కే సీహెచ్, 25, జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీ, సంపుటం 66, పుట 375' అన్న ఒక్క పంక్తి కింద, దాన్ని పేర్కొన్న వ్యాసాలు కాలమ్ తర్వాత కాలమ్ సాగుతాయి. సుబ్బారావు పేరు ఆ పంక్తిలో ఉండదు. ఆ సంపుటాలు ఎదురుగా పెట్టుకుని ఒక మనిషి పనిని తూచినవాళ్లు కొన్ని దశాబ్దాల పాటు ఏం చూశారో, ఏం చూడలేదో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

ఇంతకూ ఆ 1925 వ్యాసంలో ఏముంది? భాస్వరాన్ని రంగును బట్టి కొలిచే పద్ధతి. అంతే.

నేను విద్యార్థిగా ఉన్నప్పుడు ఆ పద్ధతిని చేతులారా చేశాను. రక్తరసిలో ట్రైక్లోరో ఎసిటిక్ ఆమ్లం కలిపితే మాంసకృత్తులు తెల్లగా విరిగి అడుగుకు దిగుతాయి. వాటిని వడకట్టేశాక మిగిలిన తేట ద్రవంలో ఆమ్లంతో కూడిన మాలిబ్డేట్ పోస్తాం. ఫాస్ఫేటు ఉంటే దానితో కలిసి ఫాస్ఫోమాలిబ్డేట్ ఏర్పడుతుంది, అప్పటికి కంటికి ఏమీ కనిపించదు. ఆ తర్వాత అమినోనాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లం కొద్దిగా చేర్చాలి. పరీక్షనాళికలో నీలం తేలుతుంది. మొదట ఆకాశం లేతగా ఉన్నప్పటి రంగు, ఐదు నిమిషాలు గడిచేసరికి స్థిరపడిన నీలం. భాస్వరం ఎంత ఎక్కువుంటే నీలం అంత చిక్కన. తెలిసిన మోతాదుతో చేసిన మరో గొట్టాన్ని పక్కన పెట్టి రంగులు పోల్చితే లెక్క తేలిపోతుంది. అంతకు ముందున్న పద్ధతుల్లో రంగు నెమ్మదిగా వచ్చేది, లేదా నిలిచేది కాదు. ఫిస్కే, సుబ్బారావులు ఆ నీలాన్ని తెప్పించే సరైన క్షయకరణిని వెతికి పట్టుకుని ఆ చిక్కు తీర్చారు.

ఆ రోజు నా ల్యాబ్ పుస్తకంలో 'ఫిస్కే-సుబ్బారావు పద్ధతి' అన్న శీర్షిక చూసి, మనవాళ్ల పేరు ఇక్కడికెలా వచ్చిందని ఆశ్చర్యపోయాను. నూరేళ్ల నాటి ఆ వ్యాసానికి పది వేలు దాటి సైటేషన్లున్నాయి. గార్ఫీల్డ్ వేసిన అత్యధిక సైటేషన్ల జాబితాల్లో అది నిలకడగా నిలిచింది.

కారణం సులువుగానే అర్థమవుతుంది. మూత్రపిండాలు, ఎముకలు, ఎంజైములు, కణపొరలు, నేలసారం, వీటిలో దేనిమీద పని చేసేవారికైనా ఎప్పుడో ఒకప్పుడు భాస్వరం కొలిచే అవసరం పడుతుంది. కొలిచినవాళ్లు పద్ధతి పేరు రాయాలి. రాసిన ప్రతిసారీ ఒక సైటేషన్. పనిముట్టుకు ఉండే గిరాకీ ఇది. ఊరందరికీ కొడవలి చేసిచ్చిన కమ్మరి పేరు ప్రతి ఇంటా వినిపిస్తుంది. ఆ కొడవలితో పండిన పంట కోసి కొత్త వంగడం కనుక్కున్నవాడి పేరు వ్యవసాయం చదివినవాళ్లకే తెలుస్తుంది. ఇద్దరిలో ఎవరు గొప్ప అన్నది వేరే ప్రశ్న, పేరు ఎన్నిసార్లు వినిపించిందన్న లెక్క దానికి జవాబు చెప్పలేదు.

ఇది ఒక్క సుబ్బారావు విషయంలో జరిగింది కాదు. 2014లో 'నేచర్' పత్రిక దాదాపు 5.8 కోట్ల రచనలను జల్లెడ పట్టించి, అత్యధికంగా సైటేషన్లు పొందిన 100 వ్యాసాల జాబితా వేసింది. మొదటి స్థానం ఆలివర్ లౌరీ బృందం 1951లో ప్రచురించిన మాంసకృత్తుల కొలత పద్ధతిది. మూడు లక్షలకు పైగా సైటేషన్లు. ఆ పద్ధతి తన వ్యాసాల్లో గొప్పదేమీ కాదని లౌరీయే చెప్పుకున్నారు. రెండు, మూడు స్థానాలు కూడా మాంసకృత్తులను వేరుచేసే, కొలిచే పద్ధతులవే. ఆ నూటిలో చేరాలంటే 12,119 సైటేషన్లు కావలసి వచ్చింది. డీఎన్ఏ జంట సర్పిల నిర్మాణాన్ని చెప్పిన వ్యాసానికి అందులో చోటు లేదు. ఇక మొత్తం రచనల్లో సుమారు సగానికి ఒక్క సైటేషనే ఉంది, లేదా అదీ లేదు.

ఆలస్యంగా వచ్చిన రంగు

ఇప్పుడు అదే చిట్టాలో రెండో అంకం. కండరాల నుంచి తీసిన ద్రవంలో భాస్వరం కొలుస్తుండగా ఫిస్కే, సుబ్బారావులకు ఒక తేడా కనిపించింది. మిగతా నమూనాల్లో నిమిషాల్లో స్థిరపడే నీలం, ఇక్కడ కొంచెం కొంచెంగా ముదురుతూనే ఉంది. పద్ధతిలో పొరపాటని పక్కన పెట్టేయగల విషయమే. కానీ తమ పద్ధతి మీద వాళ్లకు నమ్మకముంది. రంగు ఆలస్యమైందంటే, కొలవవలసిన ఫాస్ఫేటు మరేదో పదార్థంలో బందీగా ఉండి, ఆమ్లం తగిలాక మెల్లగా విడుదలవుతోందన్నమాట. ఆ పదార్థం ఫాస్ఫోక్రియాటిన్. 1927లో 'సైన్స్' పత్రికలో దాన్ని ప్రకటించారు. కండరం ముడుచుకునేటప్పుడు ఖర్చయి, విశ్రాంతిలో మళ్లీ కూడే శక్తి నిల్వ అది. లండన్‌లో ఎగల్టన్ దంపతులు కూడా అదే సమయంలో దాని జాడ పట్టారు. కండరానికి శక్తి లాక్టిక్ ఆమ్లం నుంచే వస్తుందని అప్పటికి గట్టిగా పాతుకుపోయిన భావన ఉండేది. ఆ తర్వాత కొద్ది ఏళ్లలోనే అది కదిలిపోయింది.

1929లో వాళ్లిద్దరే, కణాలు శక్తికి వాడుకునే ఏటీపీని వేరుచేసి ప్రకటించారు. జర్మనీలో కార్ల్ లోహ్మన్ వ్యాసం ఆగస్టులో వచ్చింది, వీళ్లది అక్టోబరులో.

ఈ రోజు బడి పిల్లలకు కూడా ఏటీపీ పేరు తెలుసు. జీవశాస్త్రంలో ఆ మాట లేని పుట దొరకడం కష్టం. మరి ఏటీపీ గురించి రాసేవాళ్లలో 1929 నాటి వ్యాసాన్ని పేర్కొనేవాళ్లెందరు? దాదాపు ఎవరూ లేరు. అవసరం లేదు కూడా. భూమి గుండ్రంగా ఉందని రాస్తూ ఎవరూ ఆధారం చూపరు. ఒక విషయం అందరి సొత్తయ్యాక కనుక్కున్నవాడి పేరు రాలిపోతుంది. సమాజశాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ ఈ స్థితికి ఒక పేరు పెట్టారు. తెలుగులో చెప్పాలంటే, కలిసిపోవడం వల్ల చెరిగిపోవడం.

ఒకే జంట, ఒకే గది, ఒకే దశాబ్దం. పనిముట్టును గురించిన వ్యాసానికి పది వేల సైటేషన్లు, పాఠ్యపుస్తకాన్ని మార్చిన వ్యాసాలకు అందులో చిన్న భాగం. సైటేషన్ల సంఖ్య చూసి 'ప్రభావం' అనే మాట వాడేటప్పుడు నా చెయ్యి కాసేపు ఆగేది ఇందుకే. సైటేషన్ తక్కువుంటే పని తక్కువదని అర్థం కాదు. ఒక్కోసారి ఆ పని గెలిచి అందరి నోటా నానిపోయిందని అర్థం.

ఇక హెచ్-ఇండెక్స్. 2005లో హోర్హే హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త దీన్ని ప్రతిపాదించారు. లెక్క తేలికే. ఒకరి వ్యాసాలను సైటేషన్ల ప్రకారం పెద్దది నుంచి చిన్నదానికి పేర్చాలి. అయిదో వ్యాసానికి కనీసం అయిదు సైటేషన్లుండి, ఆరోదానికి ఆరు లేకపోతే హెచ్ విలువ 5. ఒకరికి పది వ్యాసాలున్నాయనుకుందాం. వాటి సైటేషన్లు వరసగా 10,000, 40, 12, 9, 6, 5, 3, 1, 0, 0. హెచ్ 5. మరొకరికీ పది వ్యాసాలే, ఒక్కోదానికి సరిగ్గా పదేసి సైటేషన్లు. హెచ్ 10. మొదటివారి పనిని పది వేలమంది వాడుకున్నారు, రెండోవారి మొత్తం సైటేషన్లు వంద. అయినా సూచిక రెండోవారినే రెట్టింపు ఎత్తులో నిలబెడుతుంది.

నిలకడగా పనిచేసేవారిని గుర్తించడానికి అది ఉపయోగపడుతుంది, కాదనను. కానీ వ్యాసాల సంఖ్యను మించి హెచ్ పెరగలేదు, వయసుతో పాటు పెరుగుతుందే తప్ప తగ్గదు. గణితం చేసేవారిని, క్యాన్సర్ మీద పనిచేసేవారిని ఒకే తక్కెడలో వేస్తే న్యాయం జరగదు. వైద్య పరిశోధనలో వ్యాసాలూ ఎక్కువే, ఒక్కో వ్యాసం చివర ఆధారాల పట్టికా పొడుగే. కాబట్టి అక్కడ అందరి అంకెలూ ఉబ్బుతాయి.

పేరు ఎక్కడ నిలబడింది

జీవవైద్య వ్యాసాల్లో రచయితల వరసకు ఒక అర్థం స్థిరపడింది. బల్ల దగ్గర నిలబడి ప్రయోగాలు చేసినవారు మొదట, ప్రయోగశాలను నడిపే పెద్ద చివర, మధ్యలో సాయపడినవారు. పైన చెప్పిన 2 శాతం జాబితా కూడా ఈ అర్థం మీదే ఆధారపడుతుంది. దాన్ని తయారుచేసేది స్టాన్‌ఫర్డ్‌కు చెందిన జాన్ ఇయోనిడిస్ బృందం. విశ్వవిద్యాలయం ఇచ్చే ర్యాంకు కాదది. స్కోపస్ అనే ప్రచురణల సూచీ సమాచారం నుంచి ఆరు కొలతలు తీసి ఒక్క అంకెగా కలుపుతారు. మొత్తం సైటేషన్లు, హెచ్-ఇండెక్స్, సహరచయితల సంఖ్యను బట్టి సవరించిన హెచ్, ఒంటరిగా రాసిన వ్యాసాల సైటేషన్లు, ఒంటరిగా గానీ మొదటి పేరుగా గానీ ఉన్నవాటివి, వాటికి చివరి పేరుగా ఉన్నవాటిని కూడా కలిపిన లెక్క. స్వంత వ్యాసాలను తామే పేర్కొన్నవి తీసేసిన లెక్క కూడా విడిగా ఇస్తారు. ఉన్నవాటిలో ఇది జాగ్రత్తగా చేసిన కొలతే.

దీన్ని సుబ్బారావు చిట్టా మీద పెట్టి చూద్దాం. 1925 వ్యాసంలో ఇద్దరే రచయితలు. ఫిస్కే పెద్ద, ఆయన పేరు ముందుంది. సుబ్బారావు అప్పటికి పీహెచ్‌డీ కూడా చేతికి రాని విద్యార్థి, ఆయన పేరు తర్వాత. ఆనాడు ఆ వరస చెప్పింది గురువు, శిష్యుడు అని. ఈనాటి సూత్రం అదే వరసను తలకిందులుగా చదువుతుంది. రెండో పేరే చివరి పేరు కాబట్టి విద్యార్థి ప్రయోగశాల అధిపతి అయిపోతాడు, అధిపతి బల్ల దగ్గర నిలబడ్డ కుర్రాడవుతాడు.

ఇరవై ఏళ్లు ముందుకు వద్దాం. సుబ్బారావు లెడర్లీలో పరిశోధనలకు సారథి. కాలేయంలో అతి స్వల్పంగా ఉండే ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసే పని సాగుతోంది. ఆయనకు అది కేవలం ఉద్యోగధర్మం కాదు. సోదరులను స్ప్రూ అనే పేగుల జబ్బు పొట్టన పెట్టుకుంది, ఆయనా దాని బారిన పడి బతికి బయటపడ్డారు. ఆ జబ్బులో వచ్చే రక్తహీనతను నయం చేసేది ఈ పదార్థమే. 1945లో 'సైన్స్' పత్రికలో ఆ విజయం వెలువడింది. రచయితలు పదహారు మంది. రెండు బృందాలు, ప్రతి బృందంలోనూ ఇంటిపేర్లు అక్షరక్రమంలో ఉన్నాయి. మొదటి బృందం ఆంజియర్‌తో మొదలవుతుంది. స్టోక్‌స్టాడ్ తర్వాత, వాలర్ ముందు, ఏడో పేరు సుబ్బారావు.

పని మొత్తానికి సారథ్యం వహించిన మనిషి, అక్షరక్రమం పుణ్యమా అని నట్టనడుమ నిలబడ్డారు. నేటి సూత్రంలో మొదటి పేరుకు, చివరి పేరుకు దక్కే లెక్కల్లో ఈ వ్యాసం వల్ల ఆయనకు ఒక్క మార్కు కూడా రాదు. ఆ వరసను ఎంచుకున్నవాళ్లు ఎవరినీ ఎక్కువ చేయకూడదనుకున్నారు. అది గౌరవించదగిన నిర్ణయమే. ఆ నిర్ణయం వెనకనున్న మనసు మాత్రం సూత్రానికి అందదు.

ఆ తర్వాతి వ్యాసాల్లో ఆయన పేరు నడుమ కూడా లేదు. ఫోలిక్ ఆమ్లానికి ఎదురు పనిచేసే పదార్థాల తయారీని వివరిస్తూ 1947లో, 1949లో వచ్చిన వ్యాసాలు సీగర్, ఆయన సహచరులవి. ఆ పదార్థాల్లో ఒకటి ఎమినోప్టెరిన్, మరొకటి మెథోట్రెక్సేట్. వైద్యుడు సిడ్నీ ఫార్బర్ 1948 జూన్‌లో బాలల రక్తక్యాన్సర్ మీద రాసిన ప్రసిద్ధ వ్యాసంలో రచయితలు ఐదుగురు. ఎమినోప్టెరిన్ ఇచ్చిన పదహారు మంది పిల్లల్లో పదిమందికి తాత్కాలికంగానైనా జబ్బు వెనక్కి తగ్గిందని అందులో చెప్పారు. క్యాన్సర్‌కు మందుతో వైద్యం చేయవచ్చన్న ఆశకు అది గట్టి పునాది. మందు సుబ్బారావు బృందం చేసి ఇచ్చింది, రచయితల్లో ఆయన లేరు. అదే ఏడాది, లెడర్లీలోనే కనుక్కున్న ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్‌ను ప్రకటించిన వ్యాసం బెంజమిన్ డగర్ ఒక్కరి పేరు మీదే వచ్చింది. బోదకాలుకు వాడే డైఇథైల్ కార్బమజీన్ వ్యాసంలో మాత్రం హెవిట్ మొదలుకొని వరసగా వచ్చే పేర్ల చివర సుబ్బారావు పేరుంది. గోదావరి జిల్లాల్లో ఇంటింటికీ ఆరోగ్య కార్యకర్తలు పంచిన బోదకాలు మాత్ర అదే.

వీటన్నిటినీ ఎవరో కుట్ర చేసి దాచారని నేను అనను. ఫార్బర్ పిల్లల మంచాల పక్కన నిలబడి చేసిన పనికి ఫార్బర్ పేరే ఉండాలి. డగర్ మట్టి నమూనాల్లో శిలీంధ్రాన్ని పోలిన, ఆ మందునిచ్చే సూక్ష్మజీవిని పట్టుకున్నారు. నడిపించినవారి పేరు ప్రతి వ్యాసం మీదా ఉండాలన్న నేటి అలవాటు కూడా మంచిది కాదు. అయితే హార్వర్డ్ కాలం సంగతి వేరు. నోబెల్ బహుమతి పొందిన జార్జ్ హిచింగ్స్ అదే విభాగంలో చదువుకున్నవారు. సుబ్బారావు వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడ్లను చాలా ఏళ్ల తర్వాత ఇతరులు మళ్లీ కనుక్కోవలసి వచ్చిందని, ఆ పనిని ఫిస్కే బయటికి రానివ్వలేదని ఆయన చెప్పారు. ప్రచురణ కాని పనికి సైటేషన్ ఉండదు. ఏ సూచికా దాన్ని పట్టలేదు. నన్ను అన్నిటికంటే బాధించేది అదే.

పేరు గురించి ఇంకో మాట. ఇది మన తెలుగువాళ్లందరికీ సంబంధించింది. మనకు ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు తర్వాత. పడమటి దేశాల సూచీలు చివరి మాటనే ఇంటిపేరనుకుంటాయి. సుబ్బారావు తన పెట్టిన పేరుతోనే సూచీకెక్కారు, ఆంగ్లంలో చివర 'ఏఓ' కాకుండా 'ఓడబ్ల్యూ' రాసుకున్నారు. 'ఆర్' కొన్నిచోట్ల పెద్దక్షరం, కొన్నిచోట్ల చిన్నది. యల్లాప్రగడ అనే ఇంటిపేరుతో నమోదై ఉంటే, ఆ 1945 వ్యాసంలో వాలర్ తర్వాత ఎనిమిదో పేరయ్యేవారు. ఇప్పటికీ మన పరిశోధకుల వ్యాసాలు ఒకచోట 'రెడ్డి కె', మరోచోట 'కె ఎస్ రెడ్డి', ఇంకోచోట పూర్తి ఇంటిపేరుతో ముక్కలై పడి ఉంటాయి. అదే పేరున్న మరో నలుగురి వ్యాసాలు వాటిలో కలుస్తాయి. 2012లో మొదలైన ఓర్సిడ్ అనే 16 అంకెల గుర్తింపు సంఖ్య ఈ చిక్కుకు మందు. నా విద్యార్థులతో మొదటి వ్యాసం పంపకముందే అది తీయిస్తాను. పేరు ఏ స్పెల్లింగుతో రాసుకోవాలో అప్పుడే తేల్చుకుని జీవితాంతం అదే వాడమని చెబుతాను.

పత్రిక పరువు, వ్యాసం విలువ

ఇంపాక్ట్ ఫ్యాక్టర్ మీద నేను ఎక్కువసేపు ఆగను. అది మనిషి కొలత కాదు, పత్రిక కొలత. గత రెండేళ్లలో ఒక పత్రిక వేసిన వ్యాసాలకు ఈ ఏడాది వచ్చిన సైటేషన్లను ఆ వ్యాసాల సంఖ్యతో భాగిస్తే వచ్చే సగటు. సగటు ఎంత మోసగిస్తుందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. స్ఫటిక నిర్మాణాల మీద వచ్చే 'యాక్టా క్రిస్టలోగ్రాఫికా' పత్రిక 'ఎ' విభాగం ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 2008లో సుమారు 2. మరుసటి ఏడాది దాదాపు 50. పత్రిక రాత్రికి రాత్రి మారలేదు. జార్జ్ షెల్డ్రిక్ రాసిన ఒకే ఒక్క వ్యాసానికి వేల సైటేషన్లు వచ్చాయి. అదీ ఒక కంప్యూటర్ ప్రోగ్రాం గురించినది, మళ్లీ పనిముట్టే. ఆ రెండేళ్లలో అదే పత్రికలో వ్యాసం వేసిన మిగతావారంతా తమ బయోడేటాల్లో 50 అని రాసుకోగలిగారు.

ఈ సగటును ఒక మనిషి నియామకానికో పదోన్నతికో వాడొద్దని 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో సమావేశమైన సంపాదకులు, శాస్త్రవేత్తలు ఒక ప్రకటన చేశారు. వేల సంస్థలు, వ్యక్తులు దాని మీద సంతకం చేశారు. అయినా అలవాటు పోలేదు. మన వైద్య కళాశాలల్లో పదోన్నతికి వ్యాసాలు తప్పనిసరి. ఉదయం నుంచి రాత్రి దాకా ఓపీ చూసే వైద్యుడికి పరిశోధనకు సమయమూ ఇవ్వం, ప్రయోగశాలా ఇవ్వం, వ్యాసాలు మాత్రం లెక్కపెట్టి అడుగుతాం. ఆ ఒత్తిడి మీద బతికే డబ్బు పత్రికలు పుట్టుకొచ్చాయి. హైదరాబాదు కేంద్రంగా నడిచిన ఒక ప్రచురణ సంస్థ, నిపుణుల పరిశీలన జరిపించామని అబద్ధం చెప్పి రుసుములు వసూలు చేసిందని తేల్చి, 2019లో అమెరికా ఫెడరల్ కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించమని ఆదేశించింది. మన నగరం పేరు ఆ తీర్పులో చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

సైటేషన్ ఎందుకు వచ్చిందో కూడా చూడాలి. టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టిన 1998 నాటి 'లాన్సెట్' వ్యాసాన్ని ఆ పత్రిక 2010లో ఉపసంహరించింది. దానికి సైటేషన్లు బోలెడు. అందులో అధికభాగం దాన్ని తప్పుపట్టడానికి పేర్కొన్నవే. యంత్రం తిట్టునూ మెప్పునూ ఒకే అంకెగా లెక్కిస్తుంది.

ఒక పరిశోధకుడి చిట్టా నా చేతికి వచ్చినప్పుడు అంకెల పేజీని నేను ఆఖరికి చూస్తాను. ముందుగా వాళ్లకు బాగా నచ్చిన మూడు వ్యాసాలు ఏవో అడిగి అవి చదువుతాను. ప్రతి వ్యాసం చివర ఎవరు ఏ పని చేశారో చెప్పే పేరా ఇప్పుడు చాలా పత్రికల్లో ఉంటుంది, దాన్ని చదువుతాను. ఎక్కువ సైటేషన్లున్న వ్యాసం పద్ధతి గురించా, సమీక్షా, కొత్త ఫలితమా అని విడదీస్తాను. ఆ తర్వాత ఆ వ్యాసాన్ని పేర్కొన్న నాలుగైదు వ్యాసాలు తెరిచి, ఏ వాక్యం పక్కన పేర్కొన్నారో చూస్తాను. ముందుమాటలో పది సంఖ్యల గుంపులో ఒకటిగా ఉంటే ఒక అర్థం. 'మేము ఫలానావారి పద్ధతిని అనుసరించాం' అని ఉంటే మరో అర్థం. 'ఫలానావారి ఫలితం వల్ల మేము మా ఆలోచన మార్చుకున్నాం' అని ఉంటే, ఆ ఒక్క సైటేషన్ వందకు సమానమని నా లెక్క. దీనికి ఒక మధ్యాహ్నం పడుతుంది. ఒక మనిషి ఇరవై ఏళ్ల పనిని తేల్చడానికి ఒక మధ్యాహ్నం ఎక్కువేమీ కాదు.

మా పిన్నికి కీళ్లవాతం. ఆమె మందుల చీటీలో మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారి, ఆదివారం అని ఉంటుంది. మిగతా రోజుల్లో ఫోలిక్ ఆమ్లం, చిన్న పసుపుపచ్చ మాత్ర. మొదటిది ఫోలిక్ ఆమ్లం పనిని అడ్డుకుంటుంది, రెండోది ఆ అడ్డు వల్ల ఒంటికి జరిగే నష్టాన్ని తగ్గిస్తుంది. రెండూ ఒకే చోట మొదలైన పనిలోంచి వచ్చాయి. రెండు డబ్బాల మూతల మీదా పొరపాటు జరగకుండా ఆమె స్కెచ్ పెన్నుతో రోజులు రాసుకుంది. మొన్న వెళ్లినప్పుడు, ఈ పసుపు మాత్ర చేసిందెవరురా అని అడిగింది. ఫోనులో 1945 వ్యాసం తెరిచి మొదటి పుట చదివి వినిపించాను. ఆంజియర్, బూత్, హచింగ్స్, మోవట్, సెంబ్, స్టోక్‌స్టాడ్, సుబ్బారావు.

"ఈయన మనవాడేనా?" అంది.

భీమవరం అన్నాను. కాసేపు ఆ పేరు వైపే చూసి, మిగతా తొమ్మిది పేర్లు కూడా చదవమంది.